ఇరవై ఆరు పేకముక్కలు

అద్దెగది, మూడో అంతస్తు
జూన్ 4

మావయ్యా,

ఫోనులో నువ్వు "ఊఁ", "సరే" తప్ప మూడోమాట అనవు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. చదివి ఏ ఫిడేలు పెట్టెలోనో పెట్టి మరిచిపోకు. జవాబు కావాలి.

అమ్మకి చెప్పనని మాటిస్తేనే చెబుతాను. ఇచ్చేశావనుకుని చెబుతున్నాను. నా ఎడమచెయ్యి నా మాట వినడం లేదు. వాయించడం మొదలుపెట్టిన ఇరవై నిమిషాలకి బొటనవేలు ఫిడేలు మెడని పట్టుకుని ఇక వదలదు. దాని వెనకాలే ఉంగరపువేలు బిగుసుకుంటుంది. చిటికెనవేలు గాల్లో కొక్కెంలా నిలబడిపోతుంది. నాటకంలో మొదటి అంకం ఎలాగో నెట్టుకొస్తున్నాను. రెండో అంకంలో వేగంగా సాగే చోట సగం స్వరాలు మింగేస్తున్నాను. పక్కకుర్చీ ఆయన ఆ సగం వాయించేస్తున్నారు కాబట్టి ఇంకా ఎవరూ పట్టుకోలేదు. డాక్టరు చేతిని అటూ ఇటూ తిప్పి చూసి, ఎముకలో ఏమీ లేదు, నరంలో ఏమీ లేదు, కొన్నాళ్ళు విశ్రాంతి ఇవ్వమన్నాడు. విశ్రాంతి ఇవ్వగలిగితే ఆయన దగ్గరికి ఎందుకు వెళ్తాను? నా అంతట నేనే ఒక రబ్బరు బంతి తెచ్చుకుని పొద్దునా సాయంత్రం పిసుకుతున్నాను.

అసలు భయం ఇది. మా థియేటరు వాద్యబృందానికి కొత్త నిర్వాహకుడు వచ్చాడు. నవంబరులో అందరం మళ్ళీ పరీక్ష ఇవ్వాలట. మేం ఒక్కొక్కరం తెర వెనక నిలబడి వాయిస్తే, తెర ఇవతల ముగ్గురు కూర్చుని వింటారు. వాయిస్తున్నది ఎవరో వాళ్ళకి తెలియదు. నచ్చితే కుర్చీ ఉంటుంది, నచ్చకపోతే పోతుంది. ఫిడేళ్ళ వరుసలో ఈ రెండో కుర్చీ దాకా రావడానికి నాకు ఆరేళ్ళు పట్టింది. అది పోతే ఏం చేస్తానో నిజంగా తెలియదు మావయ్యా. నాకు ఇంకే పనీ రాదు.

ఇంకొక్క మాట. నువ్వు ముప్పై నాలుగో ఏట వాయించడం మానేశావు. ఎందుకని అడిగితే ఇంట్లో అందరూ "వాడి ఇష్టం" అని ఊరుకుంటారు. నీ చేతికి కూడా ఏమైనా అయిందా?

నీ గుప్పిటమ్మ


ఫిడేళ్ళ రిపేరు కొట్టు, జిగురు ఆరేలోగా
జూన్ 11

గుప్పిటమ్మా,

బిగుసుకుపోయిన చేతికి రబ్బరు బంతి పిసికే పని అప్పజెప్పావా? భేషుగ్గా ఉంది. ఆ బంతిని ఏదైనా కుక్కపిల్లకి ఇచ్చెయ్.

నువ్వు పుట్టిన నలభయ్యో రోజున నా కళ్ళద్దాలు పట్టుకున్నావు. నేనూ మా అక్కా మీ నాన్నా ముగ్గురం కలిసి ఆ గుప్పిట విప్పాల్సొచ్చింది. అద్దాల కాడ వంకర పోయింది, నీకు పేరు మిగిలింది. నీ చెయ్యి పట్టుకున్నది వదలదని అప్పటినుంచీ తెలిసిందే కదా, ఇప్పుడు కొత్తగా కంగారెందుకు?

మీ అమ్మకి చెప్పను. చెబితే ముందు నాకే పడతాయి అక్షింతలు.

ఒక పని చెయ్యి. వారం రోజులు ఇంట్లో సాధన మానెయ్. దాని బదులు పొద్దున్నే ఒక్క తీగ, వేలు ఏదీ పెట్టకుండా, కమాను ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఒకే ఒకసారి లాగు. కమాను ఎత్తెయ్. ఆ ధ్వని పూర్తిగా అయిపోయేదాకా విను. అయిపోయిందని నీకు గట్టిగా అనిపించాకే ఇంకోసారి లాగాలి. పావుగంట చాలు.

రెండోది. ఒక వేలు తీగ మీద ఊరికే ఆనించి లాగు. గరగరమంటుంది. లాగుతూనే కొద్దికొద్దిగా నొక్కుతూ పో. గరగర పోయి స్వరం ఎక్కడ తేటపడుతుందో అక్కడ ఆగిపో. అంతకు మించి నొక్కేదంతా దండగ శ్రమ.

నాకు రాసేటప్పుడు చెయ్యి ఎలా ఉందో రాయకు. ఏం వినపడిందో రాయి.

నా సంగతి అడిగావు. అదేం పెద్ద కథ కాదు. తీరిక దొరికినప్పుడు చెబుతాను.

మావయ్య


అద్దెగది
జులై 2

మావయ్యా,

మొదటిరోజు ఏం వినపడిందో చెప్పనా? ఫ్రిజ్జు. ఈ ఇంట్లోకి వచ్చి నాలుగేళ్ళయింది, అది ఇంత గోల చేస్తుందని తెలియదు. తర్వాత కింద అంతస్తు వాళ్ళ చెప్పులు. తర్వాత నా ఊపిరి. పావుగంటలో తొమ్మిదిసార్లు లాగాను, ఒక్కదాని చివరా వినలేదు. అయిపోకముందే తర్వాతిదాని కోసం చెయ్యి లేచిపోతోంది. నాకింత తొందర ఎక్కడిదో అర్థం కాలేదు.

నాలుగోరోజున ఒక వింత జరిగింది. రెండోతీగ లాగి ఆపితే వంటగదిలో ఎవరో సన్నగా పలికారు. భయపడి వెళ్ళి చూశాను. అలమారలో స్టీలు మూత. ఆ తీగకి తప్ప ఇంకే తీగకీ అది పలకదు. దాన్ని తీసి పక్క అరలో పెడితే ఊరుకుంది, మళ్ళీ మొదటి చోటే పెడితే పలికింది. పొద్దంతా ఇదే ఆట. వంట చేసుకోలేదు.

ఇప్పుడు నాకొక అనుమానం. ధ్వని అయిపోవడం అనేది ఉందా అసలు? నేను ముందు "అయిపోయింది" అనుకున్న చోటు తర్వాత ఇంకా సాగుతోంది. నిన్న విన్నదానికంటే ఇవాళ పొడుగు. తీగ మారలేదు, గది మారలేదు. మారింది ఏమిటి?

చెయ్యి గురించి రాయొద్దన్నావు. రాస్తాను, ఏం చేసుకుంటావో చేసుకో. ఆ మూతకోసం చెవి రిక్కించి ఉన్నంతసేపూ బొటనవేలు మెడని ఊరికే తాకుతూ ఉంది. నేను చూసిన మరుక్షణం పట్టేసింది.

నీ రెండోపని మాత్రం నాకు కుదరలేదు. కొద్దికొద్దిగా నొక్కితే గరగర, ఇంకాస్త నొక్కితే ఇంకాస్త గరగర. వేలు కింది నల్లచెక్కకి పూర్తిగా ఆనితే తప్ప స్వరం తేటపడటం లేదు. మధ్యలో నువ్వు చెప్పిన చోటు ఏదీ లేదు. నా వేళ్ళ కొసల్లో తీగలు కోసిన గాళ్ళు నీకు ఎప్పుడూ చూపించలేదు కదా, వాటిల్లో కుట్టుదారం పెడితే మునిగిపోతుంది. అందరికీ ఇంతేనా?

గుప్పిటమ్మ


రిపేరు కొట్టు
జులై 9

గుప్పిటమ్మా,

మూత సంగతి బాగుంది. మారింది ఏమిటో నువ్వే కనిపెట్టు, నేను చెబితే రుచి పోతుంది.

ఇంట్లో పేకముక్కలు ఉన్నాయా? కొత్తవైతే మేలు. నల్లచెక్క అయిపోయేచోట, లావుతీగకీ చెక్కకీ మధ్య సందులో ఒక్కొక్కటిగా దూర్చు. తీగ కదలకుండా ఎన్ని పడతాయో రాయి.

బృందంతో కూర్చున్నప్పుడు నీ ఫిడేలు వినకు. అందరికంటే దూరంగా కూర్చున్నవాణ్ణి విను.

మావయ్య


థియేటరు, ఖాళీ మేకప్ గది
ఆగస్టు 1

మావయ్యా,

ఇంత చిన్న ఉత్తరం కోసమా నేను రోజూ పోస్టుడబ్బా తెరిచి చూసింది?

ఇరవై ఆరు ముక్కలు. ఇరవై ఏడోది ఇస్పేటు రాణి, తల దూర్చింది గాని ఒళ్ళు పట్టలేదు. ఎందుకో చెప్పు.

మా అందరిలో దూరంగా ఉండేది వేణువు వాయించే ఆయన, వెనక వరుసలో స్తంభం పక్కన. ఆయన ప్రతి పాదానికి ముందూ ముక్కుతో చిన్నగా గాలి పీలుస్తాడు. ఆరేళ్ళుగా వేదిక ముందు ఒకే గోతిలో కూర్చుని వాయిస్తున్నాం, ఆ పీల్పు నాకు తెలియనే తెలియదు. మొన్న రిహార్సల్లో దాన్ని పట్టుకుని కూర్చున్నాను. ఆయన ఎప్పుడు పీలుస్తాడా అని చూస్తూ చూస్తూ ఉండగా కాగితం తిప్పాల్సొచ్చింది. ఒక పేజీ మొత్తం అయిపోయింది, చెయ్యి సంగతే గుర్తులేదు. గుర్తు రాగానే మళ్ళీ బిగిసింది. ఇక్కడ నా ప్రశ్న. వదిలింది ఎవరు? నేనైతే కాదు. నేను వదలాలని చూసినప్పుడల్లా అది ఇంకా గట్టిగా పట్టుకుంటుంది.

పక్కకుర్చీ ఆయన గురించి చెప్పాను కదా, అందరూ నిదానం గారు అంటారు. ఆయన రైలు వచ్చాక కూడా మెల్లగా నడిచే మనిషి. ఆ వేగంగా సాగే చోట ఆయన వేళ్ళు చూశాను. తీగమీద వాలుతున్నట్టే ఉంటాయి గాని నొక్కుతున్నట్టు ఉండవు. ఎలాగండీ అంటే, "నాకేం తెలుసమ్మా, ఒకసారి నాది వాయించి చూడు, నీకే తెలుస్తుంది" అన్నారు. వద్దన్నాను. నీకు మాటిచ్చాను కదా, నా ఫిడేలు మీద నీ ఉలి తప్ప ఇంకొకరిది పడకూడదని, నా చెయ్యి కూడా ఇంకో ఫిడేలుకి అలవాటు కాకూడదని. పదకొండేళ్ళప్పుడు ఇచ్చిన మాట. ఇప్పటిదాకా తప్పలేదు.

ముక్కల సంగతి తప్పించుకోకు.

గుప్పిటమ్మ


రిపేరు కొట్టు
ఆగస్టు 20

గుప్పిటమ్మా,

జవాబు ఆలస్యమైంది. పని ఎక్కువగా ఉంది. ఒక పాత సెల్లో (ఫిడేలుకి పెద్దన్న) వీపు విచ్చుకుపోయి వచ్చింది, దాని అతుకులు పట్టించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

మొన్న చెక్క కొనడానికి వెళ్ళాను. దూలాలు పేర్చి ఉంటే ఒక్కోదాన్నీ వేలిముడితో తట్టి, చెవి ఆనించి విన్నాను. దుకాణం వాడు నవ్వుతాడు గాని ఏది పలుకుతుందో ఏది మూగదో చూస్తే తెలియదు. ముప్పై తడితే ఒకటి పలికింది. తట్టేటప్పుడు గట్టిగా తడితే మన చప్పుడే మనకి వినపడుతుంది. మెల్లగా తట్టాలి. నీకు పనికొస్తుందేమోనని రాస్తున్నాను.

ఇరవై ఆరా? సరే. వానల్లో చెక్క ఉబ్బుతుంది, అదీ ఇదీ ఉంటుంది. దాని గురించి తర్వాత మాట్లాడదాం. నిదానం గారి ఫిడేలు వాయించకపోవడమే మంచిది. ఒకరి వాద్యం ఇంకొకరికి పడదు.

వేణువాయన పీల్పు విన్నావు కాబట్టి, ఇప్పుడు ఆయన పీల్చినప్పుడే నువ్వూ పీల్చి చూడు.

మావయ్య


థియేటరు
సెప్టెంబరు 3

మావయ్యగారికి,

మీరు వద్దని ప్రత్యేకంగా రాశారు కాబట్టి నిదానం గారి ఫిడేలు వాయించాను. మిగతావన్నీ చేసి చూడమన్న మీరు దీన్ని మాత్రం చూడొద్దన్నారు. అందుకే అనుమానమొచ్చింది.

రెండో అంకంలోని వేగంగా సాగే చోటు మూడుసార్లు వాయించాను. స్వరాలు ఒక్కటీ పోలేదు. మీరు జూన్‌లో చెప్పిన చోటు, గరగర పోయి స్వరం తేటపడే చోటు, ఆ ఫిడేలు మీద ఉంది. వేలు చెక్కకి ఆనకముందే ఉంది. నాకు ఏడుపొచ్చింది. నిదానం గారు కంగారుపడి మంచినీళ్ళు తెచ్చారు.

తర్వాత సంచిలోంచి పేకముక్కలు తీసి కొలిచాను. ఆయనది పద్దెనిమిది. వెనక కుర్చీ అమ్మాయిది పద్దెనిమిది. మొదటి కుర్చీ ఆవిడది పదిహేడున్నర అనొచ్చు. వానలు అందరికీ కురిశాయి. ఉబ్బింది నాదొక్కటేనా?

నాది ఇరవై ఆరు ఎందుకు ఉందో, అది మీకు ఎప్పటినుంచి తెలుసో రాయండి. చెక్క దుకాణం కబుర్లు వద్దు.

ఇట్లు
మీ మేనకోడలు


రిపేరు కొట్టు, షట్టరు దించి
సెప్టెంబరు 8

అమ్మా,

"మావయ్యగారికి" అని చదివాక కొంతసేపు కాగితం పక్కన పెట్టేశాను. నాకు తగిన మాటే.

నీ వేళ్ళ గాళ్ళ గురించి చదివినప్పుడు అనుమానం వచ్చింది. ఇరవై ఆరు అని రాసినప్పుడు అనుమానం తీరిపోయింది. ఆ తర్వాత రాసిన ఉత్తరంలో చెక్క ఉబ్బడం అబద్ధం. సిగ్గుతో రాసిన అబద్ధం.

తీగల్ని ఎత్తిపట్టే ఆ చిన్న చెక్కముక్క ఉంది చూడు, బ్రిడ్జి, అది ఎంత ఎత్తుంటే తీగలు అంత ఎత్తులో ఉంటాయి. అది నేను ఇరవై ఐదో ఏట కోశాను. అప్పుడు ఆ ఫిడేలు నాది. మైకుల్లేని ఆరుబయట వాయించేవాళ్ళం, చివరి వరుస దాకా వినపడాలని ఎత్తు పెంచాను. నిజంగానే గట్టిగా పలికింది. తొమ్మిదేళ్ళకి నా బొటనవేలు నువ్వు రాసినట్టే బిగుసుకుంది, చిటికెనవేలు నువ్వు రాసినట్టే నిలబడిపోయింది. నా చేతిలోనే లోపమనుకున్నాను. ఈ చెయ్యి వాయించడానికి పనికిరాదని మానేశాను. ఊళ్ళో అందరి ఫిడేళ్ళూ కొలిచినవాణ్ణి, నా పని నేను కొలుచుకోలేదు. నువ్వడిగిన కథ ఇదే.

మానేసిన ఏడాదే దాన్ని నీ చేతిలో పెట్టాను. "వేళ్ళు మండుతున్నాయి మావయ్యా" అన్నావు. "గట్టిపడతాయిలే, అంతదాకా అంతే" అన్నాను. వచ్చే సెలవుల్లో దించుదామనుకున్నాను. ఆ సెలవుల్లో నువ్వు వాయిస్తే గదంతా నిండిపోయింది. పన్నెండేళ్ళ పిల్ల అంత ధ్వని తీస్తుంటే అందరూ తిరిగి నావైపు చూశారు. దించబుద్ధి కాలేదు.

నాలుగేళ్ళ కిందట బ్రిడ్జి వంగిందని పంపావు. పాతదాన్ని కొత్తచెక్క మీద పెట్టి, చుట్టూ పెన్సిలుతో గీసి, గీత మీదుగా కోశాను. వెంట్రుకవాసి తేడా రాలేదు. ఎంత మురిసిపోయానో నీకు తెలియదు. తప్పుని తప్పులేకుండా మళ్ళీ చేశాను.

నా ఉలి తప్ప ఇంకొకరిది పడకూడదని నీచేత మాట తీసుకున్నది ప్రేమ అనుకున్నాను. అది లేకపోతే పదేళ్ళ కిందటే ఎవరో ఒకరు చూసి చెప్పి ఉండేవారు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఈవారమే మీ ఊళ్ళో మంచి రిపేరువాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళు. నాకు పంపకు. దారిలో రోజులు పోతాయి, నీకు రోజులు లేవు.

పట్టుకున్నది వదలని చెయ్యి అని నిన్ను ఎగతాళి చేశాను. ఆ పేరుతో పిలవడానికి ఇప్పుడు నోరు రావడం లేదు. క్షమించమని అడగను. ముందు నీ చెయ్యి బాగుపడనీ.

మావయ్య


అద్దెగది
అక్టోబరు 5

మావయ్యా,

పదిరోజులపాటు కోపంగా ఉన్నాను. నిన్ను తిడుతూ రెండు ఉత్తరాలు రాసి చించేశాను. రెండోదానిలో మంచి తిట్లు పడ్డాయి, పోయాయి.

రిపేరుకి తీసుకెళ్ళాను. కొట్టు నడిపేది పొట్టి ఆవిడ, మెడలో కళ్ళద్దాల తాడు. బ్రిడ్జి తీసి వెలుతురులో పెట్టి చాలాసేపు చూసింది. "ఎవరు కోశారిది? ఇంత శుభ్రమైన పని ఈమధ్య చూడలేదు" అంది. తర్వాత తీగల ఎత్తు చూసి, "ఇంత ఎత్తా? దీనిమీద మీరు వాయించారా?" అంది. పాతదాన్ని అరగదియ్యడానికి ఆవిడకి మనసొప్పలేదు, కొత్తది కోసిచ్చింది. పద్దెనిమిది ముక్కలు. పాతది నా దగ్గరే ఉంది.

ఇప్పుడు అసలు చిక్కు. ఇక చెయ్యి బాగైపోయిందని ఎగురుకుంటూ ఇంటికొచ్చాను. రెండురోజులు నిజంగానే ఎగిరింది. మూడోరోజు ఇరవయ్యో నిమిషానికి బొటనవేలు వచ్చి పట్టుకుంది. తీగ కిందికి దిగింది గాని వేలికి ఆ సంగతి తెలియదు. పాత ఎత్తుకి సరిపడా నొక్కుతూనే ఉంది. పందొమ్మిదేళ్ళ అలవాటు.

కాబట్టి నువ్వు పూర్తిగా దోషివి కావు, నేను పూర్తిగా బాగుపడలేదు. ఇది మంచి వార్తో చెడ్డ వార్తో నాకే అర్థం కావడం లేదు. ఒకటి మాత్రం చూశాను. స్టీలు మూత విన్నప్పుడూ వేణువాయన పీల్పు విన్నప్పుడూ ఇరవై ఆరు ముక్కల ఎత్తు మీద కూడా నా చెయ్యి వదిలింది. అంటే నువ్వు చెప్పిన పనిలో ఏదో ఉంది. అది నీకెలా తెలుసు? వాయించడం మానేసినవాడివి, ఇవన్నీ ఎవరు నేర్పారు నీకు?

పరీక్ష నవంబరు పద్దెనిమిదిన. అక్కడ వేణువాయన ఉండడు, మూత ఉండదు. ఒక్కదాన్నే. దేన్ని వినను?

నీ మేనకోడలు


రిపేరు కొట్టు
అక్టోబరు 12

అమ్మా,

నువ్వడిగిన ప్రశ్న మూడురోజులు నన్ను పని చేసుకోనివ్వలేదు. ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు. మరి ఎక్కణ్ణుంచి రాశాను?

నాలుగోరోజు దొరికింది. రిపేరైన ప్రతి ఫిడేలునీ ఇచ్చేముందు వాయించి చూస్తాను. రోజుకి రెండో మూడో, ఒక్కోసారి గంటసేపు. తీగ తీగా లాగి, ఎక్కడ బొంగురు ఉంది, అతుకు ఎక్కడ జీరపోతోంది అని వింటాను. పందొమ్మిదేళ్ళుగా ఇలా వాయిస్తున్నాను. ఒక్కరోజు కూడా బొటనవేలు బిగియలేదు. నువ్వు అడిగేదాకా ఆ సంగతి నేను గమనించనే లేదు. "వాయించడం మానేశాను" అని అందరికీ చెప్పుకుంటూ రోజూ వాయిస్తున్నాను చూడు, ఎంత తెలివైనవాణ్ణో.

ఆ వాయించడంలో నేను బాగున్నానా అన్న ప్రశ్న లేదు. చెక్క ఎలా ఉందన్నదే ప్రశ్న. అంతే తేడా అనుకుంటాను. అంతకంటే నాకు తెలియదు, తెలిసినట్టు రాయను.

కాబట్టి ఇది ఒక్కటే చెప్పగలను. వాళ్ళు నిన్ను పరీక్షిస్తారు, అది వాళ్ళ పని. నువ్వు ఆ గదిని పరీక్షించు. ఏ స్వరాన్ని మింగుతుంది, దేన్ని తిరిగి ఇస్తుంది, గోడ దాకా వెళ్ళి రావడానికి ఎంతసేపు పడుతుంది. ఏ గదిలోనైనా ఏదో ఒకటి జీరపోతుంది, అదెక్కడో కనిపెట్టి నాకు రాయాలి. నేను ఉత్తరం కోసం చూస్తుంటాను.

మావయ్య


థియేటరు మెట్లు
నవంబరు 24

మావయ్యా,

ముందు గది సంగతి రాస్తాను, నువ్వు అడిగింది అదే కాబట్టి.

పాత చెక్కనేల. మొదటి స్వరం పొడుగ్గా లాగి కమాను ఎత్తాను. వెనకగోడ దాకా వెళ్ళి కొంచెం బొద్దుగా తిరిగొచ్చింది. సన్నతీగ స్వరాల్ని తెర మింగేస్తోంది. ఇంకా ఏదో సన్నగా ఉంది, అదేమిటా అని విన్నాను. కిటికీ అద్దం, కుడివైపు పైది. దాని చట్రం వదులైంది. దొరికిందన్న సంతోషంలో ఎంతసేపు నిలబడిపోయానో తెలియదు, తెర అవతల ఎవరో దగ్గి "ఏమైనా ఇబ్బందా?" అన్నారు. మాట్లాడితే గొంతు గుర్తుపడతారని మాట్లాడకూడదు. కాలితో నేల మీద ఒక్కసారి తట్టి, వాయించడం మొదలుపెట్టాను.

నెమ్మదిగా సాగే భాగం ఎలా వచ్చిందో నాకు గుర్తులేదు, గది మాత్రం గుర్తుంది. అంత హాయిగా నేనెప్పుడూ వాయించలేదు మావయ్యా. వేగంగా సాగే చోట సగం దాకా వదులుగానే ఉంది. సగంలో "అరె, బాగా వస్తోందే" అనుకున్నాను. అంతే, బొటనవేలు వచ్చేసింది. నాలుగైదు స్వరాలు పోయాయి. మళ్ళీ ఆ కిటికీని పట్టుకున్నాను, మళ్ళీ వదిలింది. చివరిదాకా లాక్కొచ్చాను.

నిన్న చీటీ అంటించారు. కుర్చీ ఉంది. రెండోది కాదు, ఐదోది. రెండోది నిదానం గారికి వచ్చింది. ఆయన ఎప్పటిలా అందరికంటే ఆఖర్న వచ్చి చీటీ చూసుకున్నారు. నేను ఈ మెట్ల మీదే కూర్చుని ఏడ్చాను. ఆరేళ్ళు కదా, బాధ ఉండదూ. కానీ ఇవాళ రిహార్సల్లో ఐదో కుర్చీలో కూర్చుంటే వేణువాయన స్తంభం నాలుగడుగుల దూరంలో ఉంది. ఆయన పీల్పు ఇప్పుడు చెవి రిక్కించకుండానే వినపడుతోంది.

ఈ కవరులో పాత బ్రిడ్జి పంపుతున్నాను. కోపంతో కాదు. ఇది నీది, నీ ఇరవై ఐదో ఏటి కొలత. ఇరవై ఆరుని పద్దెనిమిది చెయ్యడం నీకు వచ్చిన పనే.

ఇంకొకటి. నా పేరు నాకు ఇచ్చెయ్. "అమ్మా" అని రాస్తుంటే ఎవరికో రాస్తున్నట్టుంది. ఆ పేరు వచ్చింది నేను ఫిడేలు పట్టుకున్నందుకు కాదు, నీ కళ్ళద్దాలు పట్టుకున్నందుకు. అవి వదలడం నాకు ఇప్పటికీ ఇష్టం లేదు.

నీ గుప్పిటమ్మ


రిపేరు కొట్టు, షట్టరు ఎత్తి
డిసెంబరు 2

గుప్పిటమ్మా,

బ్రిడ్జి చేరింది. దాన్ని బల్లమీద పెట్టుకుని ఒక పూటంతా చూస్తూ కూర్చున్నాను. రెండోపూట ఆకురాయి తీశాను. ఒక్కొక్క పేకముక్క మందం తీసి చూసుకుంటూ ఇరవై ఆరునుంచి పద్దెనిమిదికి దించాను. నా చేతిపనిని నేను అరగదియ్యడం ఇదే మొదలు. అనుకున్నంత కష్టంగా లేదు.

కొట్టులో ఎప్పటినుంచో ఎవరూ తీసుకెళ్ళని ఫిడేలు ఒకటి ఉంది. దాని పొట్టకి సరిపడేలా బ్రిడ్జి కాళ్ళు చెక్కి నిలబెట్టాను. నిన్న మధ్యాహ్నం వాయించాను. అరగంట అయ్యేసరికి పక్క కొట్టు దర్జీ గుమ్మంలోకి వచ్చి, "దీనికేమైంది? ఇంతసేపు చూస్తున్నావు" అన్నాడు. "ఏమీ కాలేదు. వాయిస్తున్నాను" అన్నాను. ఆయన పద్దెనిమిదేళ్ళుగా పక్కనే ఉన్నాడు, ఆ మాట నా నోట వినడం ఇప్పుడేనట. తన కొట్టులోకి వెళ్ళిపోయాడు.

చెయ్యి ఎలా ఉందో రాయను. ఏం వినపడిందో రాస్తాను. ఆఖరి తీగ లాగి కమాను ఎత్తి, అది అయిపోయేదాకా ఆగాను. అప్పుడు తెలిసింది, దర్జీ తన మిషను ఎప్పుడో ఆపేశాడు.

మావయ్య